బావగారి మైదానం మలుపులు

మా అక్క భర్త, అంటే మా బావగారు, రైలు డ్రైవరుగా రిటైరయ్యారు, నేను గార్డుగా. ఉద్యోగమంతా ఆయన బండికి ముందు, నేను వెనక. బిలాస్‌పూర్ రైల్వే మైదానంలో పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలకు రిఫరీలమయ్యాక కూడా ఆ అలవాటు వదలలేదు.

నియమం స్పష్టం. ఇద్దరు రిఫరీలలో ఒకరు ముందు, బుట్ట కింద గీత దగ్గర ఉంటారు. మరొకరు ఆటకు వెనక. ఆట ఎదురు దిక్కుకు తిరిగితే వెనకవారే ముందువారవుతారు. బావగారు మాత్రం తిరిగిన ప్రతిసారీ ఇరవై ఎనిమిది మీటర్లూ (టేపుతో నేనే కొలిచాను) పరుగెత్తి మళ్లీ ముందుకే వచ్చేవారు. నేను ఆగి దారి ఇచ్చేవాణ్ణి. ఆయన చేరేదాకా బుట్ట కింద రిఫరీ ఎవరూ ఉండరు.

పోటీలు నిర్వహించే వ్యాయామ ఉపాధ్యాయురాలు, నెహ్రూ నగర్ తెలుగమ్మాయి, చూసి చూసి చెప్పేసింది: "అంకుల్, సెమీఫైనల్లో కూడా ఇలాగే పరిగెడితే, ఫైనల్‌కి మీ ఇద్దరికీ ఈలలుండవు. స్కోరు బల్ల దగ్గర కూర్చోండి."

బావగారికి ఆ మాట గుచ్చుకుంది. "ఏటి, నానేటి ముసిలోణ్ణా?"

"కాదు బావా, ఇంజను దిగనోడివి. ఆట తిరిగితే నువ్వే గార్డువి."

"అచ్ఛా! నువ్వు డ్రైవరువా? బండి ఏటవుతాదో!"

ఆ సాయంత్రం ఖాళీ మైదానంలో అక్క బంతి పట్టుకుని అటూ ఇటూ నడిచింది. మేము స్థానాలు మారడం సాధన చేశాం. "నడుస్తున్నది నాను, ఆయాసం మీకేటి?" అని అక్క ఒకటే నవ్వు.

నాకు కష్టమైనది వేరు. బంతి విసిరాక ముందున్న రిఫరీ దాన్ని చూడకూడదు; బుట్ట కింద తోపులాటనే చూడాలి. స్వయంగా చూసి లెక్కించనిదాన్ని నేనేనాడూ నమ్మలేదు.

సెమీఫైనల్ ఆఖరి క్షణాలు. రెండు పాయింట్లు వెనకబడిన జట్టు బంతి లాక్కుంది. నేను ముందుకు పరుగెత్తాను. బావగారు బుద్ధిగా వెనక నిలిచారు. ఒక అమ్మాయి దూరం నుంచి విసిరింది. నా చూపు బుట్ట కింది మోచేతుల మీదే ఉంది; బంతి వలలో పడిన చప్పుడు మాత్రం విన్నాను. బెల్లు మోగింది. రెండు జట్లూ నన్ను చుట్టుముట్టాయి.

"అంకుల్, దో కి తీన్?"

బుట్టకు దూరంగా ఉండే వంపు గీత బయటి నుంచి విసిరితే మూడు, గెలుపు. కాలు గీత మీదుంటే రెండు, సమం.

"నేను చూడలేదు," అన్నాను. "వెనకాయన చూశాడు. ఆయన చెప్పిందే లెక్క."

బావగారు రెండు వేళ్లు ఎత్తారు.

మెట్ల మీద నుంచి అక్క అరిచింది: "ఇంకో అయిదు నిమిషాలు పరిగెట్టాల, తెలుసా?"

"తెలుసే! కాలు గీత మీదుంటే నన్నేటి సెయ్యమంటావు?"

అదనపు ఆట కూడా ముగిశాక ఉపాధ్యాయురాలు మా దగ్గరకు వచ్చింది. "ఫైనల్ ఆదివారం నాలుగింటికి. ఈలలు మరిచిపోకండి."

బావగారు మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పుతున్నారు. ఇద్దరి తరఫునా సరేనని నేనే అన్నాను.