సాక్షి దిమ్మె మీద పచ్చగడ్డి

మే నెలలో ఆ చెలక మొత్తంలో పచ్చగా ఉన్నది ఒక్క మూరెడు జాగానే. అదీ అబద్ధమే.

నాగవ్వ గట్టు మీద కూర్చుని ఆ పచ్చదనాన్నే చూస్తూ ఉంది. చుట్టూ ఎర్రమట్టి కాలిన పెంకులా ఉంది. తుమ్మచెట్టు నీడకు కూడా దాహం వేస్తున్నట్టుంది. ఆమె ఎకరం చెలకకు పల్లపు మూలలో ఒక గుంత, గుంత నడుమ ఒక మట్టి దిమ్మె, దిమ్మె నెత్తిన నవనవలాడే గరిక. పెళ్లికొడుకు తలపాగాలో తురాయిలా ఉందనుకుంది. అనుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

నాగవ్వ పుట్టింది కోహీర్ దగ్గర. పెళ్లయి ఝరాసంగం దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చింది. భర్త పోయి పన్నెండేళ్లు. వానలు పడ్డప్పుడు చెలక ఆమెను సాకేది, చెలక ఎండినప్పుడు జహీరాబాద్ సాకేది. పొద్దున్నే షేరింగ్ ఆటోలో ఇరుక్కుని పోయి, అల్లం గోదాములో సాయంత్రం దాకా అల్లం కడిగేది. అల్లం కణుపుల్లోంచి మట్టి వదిలేది గానీ, ఆమె వేళ్ల సందుల్లోంచి అల్లం వాసన వదిలేది కాదు. నిద్రలో చెయ్యి ముఖం మీద పడితే, కలలో కూడా ఘాటుగా ఉండేది.

ఆ ఏడు కొనేవాళ్లు మాయమయ్యారు. మహమ్మారి మొదలు మనుషులను ఇళ్లలోకి తోసింది, తర్వాత బజారును తోసింది. గోదాముకు తాళం పడింది. కార్ఖానాలు రెండు షిఫ్టుల నుంచి ఒకటికి దిగి, ఒక పూట చప్పుడు చేయడం మానేశాయి. పనికి పోయిన మగవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఊరికి తిరిగొచ్చారు. ఖాళీ డబ్బాలను ఏం చేసుకోవాలో తెలియక వాకిట్లో పెట్టుకుని వాటి పక్కనే కూర్చున్నారు.

టీవీలో సర్కారు సాయమంటూ పెద్ద అంకె చదివారు. దాంట్లో ఎన్ని సున్నాలో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. ఆ అంకె ఢిల్లీ నుంచి బయలుదేరి ఊరికి చేరేసరికి చిన్నదైపోయి, ఒక సంచి బియ్యంగా, ఒక కరువు పనిగా మిగిలింది. రెంటికీ కలిపి బస్టాపులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. బియ్యంలో పురుగులు వచ్చాయి. ఫ్లెక్సీకి మాత్రం ఏ పురుగూ పట్టలేదు.

ఈసారి కరువు పనిలో మార్పు తెచ్చామని చెప్పారు. ఊరికే గుంతలు తవ్వి పూడ్చడం కాదట, రైతు చెలకలోనే నీటి కుంట తవ్వుతారట. చెలక ఇచ్చే రైతు కావాలి. అందుకే బసవరాజ్ నాగవ్వ వాకిట్లోకి వచ్చాడు.

బసవరాజ్‌కు ఊళ్లో కిరాణా దుకాణం ఉంది. పనికి వచ్చినవాళ్లకు హాజరు వేసే మేటు కూడా అతనే. వాళ్ల తాతలు బీదర్ వైపు వాళ్లు. కోపం వస్తే కన్నడలో తిడతాడు, పని పడితే తెలుగులో బతిమాలతాడు. ఆ రోజు తెలుగులో వచ్చాడు.

"అక్కా, నీ పల్లం మూల ఇయ్యి. ఆరడుగుల లోతు కుంట తవ్వుతం. వాన నీళ్లు ఆగుతయ్. నడుమ ఒక్క తడి దొరికిందంటే నీ చెలక బంగారమే."

"బంగారం నాకెందుకు తమ్మీ? ఆ మూలల్నే నా పచ్చజొన్న పండుతది. మిగతాదంత మొరమే గద."

"అందుకే అంటున్న. నీళ్లుంటే మొరం మీద గూడ పండుతది."

"ఆరడుగులు పక్కానా?"

"కాయిదం మీద ఉన్నదక్కా."

కాయితం మీద ఉంది. ఆ ఒక్క మాటలో అతను అబద్ధం ఆడలేదు.

ఆ మూల పచ్చజొన్నకు నాగవ్వ ఇంట్లో వేరే బుట్ట ఉంది. ప్రతి ఏటా మంచి కంకులు ఏరి, గింజల్లో బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి, మూత చుట్టూ పేడమట్టితో అలికి అటక మీద పెడుతుంది. ఆ విత్తనం అత్త ఇచ్చింది. అత్తకు వాళ్ల అత్త ఇచ్చింది. ఎంత ఆకలైనా విత్తనం తినరు. అత్త చివరి రోజుల్లో గంజి కూడా లేక పడుకుని అటక వైపు చూసేది గానీ, బుట్ట దించమని ఒక్కనాడూ అనలేదు. పల్లపు మూల పోతే ఆ విత్తనానికి జాగా ఉండదు. కుంట నిండితే ఎకరమంతా దాని జాగానే. నాగవ్వ మూడు రోజులు ఆలోచించి వేలిముద్ర వేసింది.

నలభై మంది తవ్వడానికి వచ్చారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. పక్కింటి కమలమ్మ నాగవ్వతో జంటగా పని చేసేది. ఒకరు గడ్డపార వేస్తే ఒకరు తట్ట ఎత్తేవాళ్లు. గుంత నడుమ కొంచెం నేలను ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు. దాని నెత్తిన పాత గడ్డి, పాత మట్టి అలాగే ఉండాలి. చివరికి ఆ నెత్తి నుంచి అడుగు దాకా టేపు పట్టి ఎంత లోతు తవ్వారో కొలుస్తారు. దాన్నే సాక్షి దిమ్మె అంటారు. మనిషి మాట మీద సర్కారుకు నమ్మకం లేదు, అందుకని మట్టి చేత సాక్ష్యం చెప్పిస్తుంది.

ఒక అడుగు దాకా మట్టి మాట విన్నది. ఆ తర్వాత రాయిలాంటి మొరం తగిలింది. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరి చేతికే దెబ్బ తగిలేది. పొద్దంతా కొడితే నాలుగు తట్టలు. కానీ ఎక్కడో ఆఫీసులో ఈ ఊరి నేల మొత్తాన్ని మెత్తమట్టి అని రాసి పెట్టుకున్నారు. కూలి లోతును బట్టి కడతారు. మొరం రోజుల్లో కట్టిన కూలి చూసి కమలమ్మ నవ్వింది, తర్వాత ఏడ్చింది.

ఎలాగో మూడడుగులు దిగాక బసవరాజ్ ఉపాయం చెప్పాడు. తవ్విపోసిన మొరాన్ని గుంత చుట్టూ మూడడుగుల కట్టగా పేర్చమన్నాడు. దిమ్మె మీద కూడా అంతే ఎత్తు తడిమొరం మెత్తి, నున్నగా చేసి, నెత్తిన గడ్డి పెళ్లలు పెట్టమన్నాడు.

"కింద మూడు, మీద మూడు. ఆరాయె. అందరికీ పూర కూలి పడుతది. సారుకు కట్ట కనవడుతది, దిమ్మె కనవడుతది. ఇంకేం కావాలె?"

"మరి నీళ్లు?" అంది నాగవ్వ.

"నీళ్లు వానకాలంల గదక్కా. కూలి ఇప్పుడే గద."

అందరూ ఆమె వైపు చూశారు. కమలమ్మ తట్ట కింద పెట్టింది.

"నీ చెలక అక్కా. నువ్వొద్దంటే ఒద్దే. మా ఇంట్ల ఇద్దరు మొగోళ్లు గోడకానుకుని కూసున్నరు. పొయ్యి మీద వాళ్లనే పెట్టుకుంట తియ్."

ఎవరూ నవ్వలేదు. నాగవ్వ గడ్డపారను పక్కన పెట్టింది.

"మీ ఇష్టం. సారుకు కండ్లుంటయ్ గద. ఆయనే చూస్తడు."

ఆ మాటలో ఆమె ఆశ అంతా ఉంది. కమలమ్మ గడ్డి పెళ్లలు ఎక్కడి నుంచి తెచ్చిందో నాగవ్వ చూసింది. చెలకల్లో గడ్డి ఎండి గాలికి పొడిగా రాలుతుంటే, ఊరంతటికీ గడ్డి బతికి ఉన్నది బసవరాజ్ బోరు గట్టు మీదే. తేవాలన్న తొందరలో ఆ పచ్చగరికనే కోసుకొచ్చి దిమ్మెకు అతికించారు. వాడకుండా పూటకో చెంబెడు నీళ్లు కూడా పోశారు. నేల కంటే ఎత్తుగా పెరిగిన దిమ్మె, ఎండలో పచ్చగా ఉన్న గడ్డి. గుడ్డివాడికి తప్ప అందరికీ కనబడుతుంది. తను చెప్పక్కర్లేదు, ఎవరి కూలీ తన నోటితో పోగొట్టక్కర్లేదు. సారు చూస్తాడు, తిడతాడు, మొరానికి వేరే రేటు రాయిస్తాడు, మిగతా మూడడుగులు తవ్విస్తాడు. రెండు రాత్రులు నాగవ్వ ఈ నాటకాన్ని మనసులో ఆడించుకుంటూ నిద్రపోయింది.

కొలతల సారు పేరు జగదీశ్. మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. కొత్త బూట్లు మట్టి కాకుండా కట్ట మీదే నిలబడ్డాడు. బసవరాజ్ దిగి టేపు పట్టాడు.

"ఎంత?"

"ఆరు సార్."

"రైతు ఎవరు? ఆ పలక పట్టుకుని దిమ్మె పక్కన నిలబడమ్మా."

నాగవ్వ నిలబడింది. పలక మీద సుద్దతో ఆరు అని రాసి ఉంది. సారు ఫోను ఎత్తి, మళ్లీ దించాడు. దిమ్మె వైపు చూశాడు.

"గడ్డి మంచిగున్నది," అన్నాడు సారు. "ఫొటోకు కళ వచ్చింది. జర నవ్వమ్మా."

"సారూ," అంది నాగవ్వ.

"ఏంది?"

కమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎండ బాగున్నది. మజ్జిగ తాగుతరా?"

సారు తాగాడు. చల్లగా ఉందని మెచ్చుకున్నాడు. చెప్పకుండా ఆపిన మాట మాత్రం చాలా రోజులు నాగవ్వ నోట్లోనే మజ్జిగలా పులిసిపోయింది.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. తెల్లవారి నాగవ్వ పరుగెత్తినట్టే పోయింది. కుంటలో మోకాటి లోతు నీళ్లు, ఎర్రగా, చాయలా. కప్పలు అప్పుడే కాపురం పెట్టాయి. మూడో రోజుకు నీళ్లు చీలమండ దాకా దిగాయి. ఐదో రోజు బురద మిగిలింది, బురదలో కప్పలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అతికించిన మొరం జారిపోయి, దిమ్మె తన మూడడుగుల ఎత్తుకు తిరిగి వచ్చింది. దాని నెత్తిన అసలు గడ్డి, ఎండి నల్లబడ్డది, మళ్లీ వెలుగు చూసింది. మట్టి నిజమే చెప్పింది. వినడానికి ఎవరూ లేరు. చుట్టూ పేర్చిన కట్ట కూడా కరిగి, అది అడ్డుపడి ఎగదన్నిన వాన నీళ్లతో మిగతా చెలక మీదికి పారింది. అర ఎకరం మీద జానెడు మొరం పరుచుకుంది. మూల గుంతలోకి పోయింది, మిగతాది మొరం కిందికి పోయింది.

చుట్టుపక్కల చెలకల్లో విత్తనం గొర్రులు నడుస్తున్నాయి. విత్తే పదును ఇంకో నాలుగు రోజులకు మించి ఆగదు. నాగవ్వ ఒక గరిక పెళ్లను, దాని కింది మొరంతో సహా, గంపలో పెట్టుకుని జహీరాబాద్ ఆటో ఎక్కింది.

ఆఫీసులో సారు ఫ్యాను కింద ఉన్నాడు. ఆమె గంపలోది తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేందమ్మా?"

"మీ మూడడుగుల్ల ఒక పెళ్ల సారూ. మిగతాది బరువైంది, తేలేదు."

సారుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆరడుగులని ఫొటోల నువ్వే పట్టుకున్నవ్ గద."

"పట్టుకున్న. తప్పే. కుంట మూడడుగులే సారూ, నీళ్లు ఐదు రోజులు ఆగలే. మిగతాది తవ్వియ్యుండ్రి. లేకుంటే పూడ్పియ్యుండ్రి, నా జొన్న నేను యేసుకుంట."

"కంప్యూటర్ల పూర్తయిందమ్మా. పూర్తయినదాన్ని తవ్వరాదు, పూడ్వరాదు. ఒక రైతుకు ఒకటే కుంట." గొంతు తగ్గించాడు. "నువ్వు పెద్దగ జేస్తే ఆ నలభై మంది కూలి వాపస్ తీసుకుంటరు. చూసుకో మరి."

ఫోను తీసి చూపించాడు. ఎండకు కళ్లు చిట్లించి, పళ్లు బయటపడి, నవ్వుతున్నట్టున్న ఒక ముసలిది. ఆమె పక్కన పచ్చని తురాయి.

"మే నెల సారూ అది," అంది నాగవ్వ. "మే నెలల ఈ చెలకల గడ్డి పచ్చగుంటదా?"

సారు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అతను చూడటం అదే మొదటిసారి. ఊడ్చే ఆమెను పిలిచి బల్ల తుడవమన్నాడు.

నాగవ్వ ఊరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బసవరాజ్ దుకాణంలోంచి కేకేశాడు.

"ఫికర్ జెయ్యకక్కా! వచ్చే ఎండకాలం కుంట పూడిక తీసే పని పెట్టిస్త. నీ కుంటనే ముందు."

ఆమె ఆగింది. గంపను దుకాణం మెట్టు మీద బోర్లించి అడుగున మిగిలిన గరిక పోచలను దులిపింది.

"నీ బోరు గట్టువే తమ్మీ. చూసుకో, తక్కువ గాలే గద?"

అతను కన్నడలో ఏదో అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

పదును పోయేదాకా, ఇంకో మూడు రోజులు, ఆమె చెలకకు పోయి మొరాన్ని పారతో గోకి చూసింది. నాలుగో రోజు ఇంటికి వచ్చి అటక మీది బుట్ట దించింది. పేడమట్టి అలుకును కొడవలి మొనతో పగలగొట్టింది. విత్తనం నిరుడు ఎలా పోసిందో అలాగే ఉంది, ఒక్క గింజకూ పుచ్చు లేదు. చేటలో పోసి చెరిగింది. బూడిద లేచి మీద పడింది. తిరగలి ముందు కూర్చుని పిడికెడు గింజలు దాని నోట్లో పోసింది.

తిరగలి చప్పుడుకు కమలమ్మ వచ్చింది. బుట్టను చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"అక్కా, అది విత్తనం."

"ఎరికే. యేసే జాగ ఏడున్నది?"

"నా చెలకల ఒక మూల ఇస్త. యేసుకో అక్కా, నీ కాళ్లు మొక్కుత."

"నీ చెలకల గూడ కుంటకు కొలిసిపోయిన్రు గద, మొన్న. నువ్వు ముద్రేస్తివి."

కమలమ్మ గడప దాటింది. లోపలికి వచ్చి తిరగలికి అటువైపు కూర్చుని పిడి పట్టుకుంది. నాగవ్వ ఆమె చెయ్యిని నెట్టేయలేదు, ఆమె ముఖం చూడలేదు. ఇద్దరూ కలిసి బుట్ట అడుగు కనబడేదాకా విసిరారు.

రొట్టెలు పచ్చగా వచ్చాయి. వేపాకు, బూడిద ఎంత చెరిగినా పూర్తిగా పోలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నాగవ్వ చాలాసేపు నమిలింది. ఉమ్మాలనిపించింది. మూడు తరాలు ఆకలితో దాచిన గింజ కాబట్టి మింగింది.