పంతొమ్మిది రబ్బరు అచ్చులు

రాకెట్ ఇంజిన్ల షెడ్డులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ భూతద్దం అక్కే. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని ఒక్కటే: మండి చల్లారిన ఇంజిన్‌లో తలదూర్చి, లోపలి రాగి గోడను చూసి సంతకం పెట్టడం. ఆ గోడదీ ఒక బతుకేనా! ఇటు నిప్పు, అటు సన్నటి కాలవల్లో ఎముకలు కొరికేసేంత చల్లటి ఇంధనం. మండిన ప్రతిసారీ ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న ఉక్కు ఉబ్బనివ్వదు.

పంతొమ్మిదిసార్లు మండిన ఇంజిన్ ఒకటి ఆవిడ ముందుకొచ్చింది. ఇరవయ్యోసారి మండేది ఆకాశంలోనే, నలుగురు మనుషులను మోస్తూ. సంతకం అడిగిన పెద్ద ఇంజినీరు ఆవిడకు సొంత మరిది.

"పెట్టెయ్ వదినా. లెక్క ప్రకారం ముప్పైసార్లు తట్టుకుంటుంది."

"నీ కాకిలెక్కలు నా దగ్గర చెప్పకు. పెట్టను."

"అయితే పగులు చూపించు!"

"పగిలాక చూపించడానికి నేనెందుకయ్యా? అదే చూపిస్తుంది."

అక్క బిస్కట్ల డబ్బా తెరిచింది. మండిన ప్రతిసారీ గోడలో ఒకే చోట మెత్తటి రబ్బరు ముద్ద అదిమి తీసిన అచ్చులవి. ఎవరూ చెప్పని పని. అందరూ నవ్విన పని. మొదటి అచ్చు నున్నగా ఉంది. చివరిదాని మీద వేలు పెడితే వరసగా గుంటలు.

"అచ్చులో గుంటంటే గోడలో ఉబ్బు. ఉబ్బిన చోటల్లా రాగి పలచబడింది. కోసి చూడు."

"కోస్తే ఇంజిన్ పోతుంది! గోడ బాగుందని తేలితే?"

"నేను పోతా. తాడో పేడో తేల్చుకుందాం, కాగితం ఇటివ్వు."

నిలబడే రాజీనామా రాసింది. అడిగిన సంతకం పెట్టలేదు గానీ, ఈ సంతకం మాత్రం గుండ్రంగా పెట్టింది.

మర్నాడు రంపం పెట్టారు. వీడ్కోలు చెప్పడానికే వచ్చినవాళ్లూ ఉన్నారు, పాపం. కోసిన ముక్కను మెకానిక్ వెలుతురులో తిప్పి, ఉబ్బు మీద సూది ఆనించి కాస్త నొక్కాడు. సూది అవతలికి దిగిపోయింది.

మరిది జేబులోంచి రాజీనామా తీశాడు.

"వదినా, తప్పు నాదే. ఇది చించెయ్యనా?"

"ఎందుకు చించడం?" అక్క దాన్ని లాక్కుని అచ్చుల డబ్బాలో పెట్టి మూత బిగించింది. "తేదీ మారిస్తే మళ్లీ పనికొస్తుంది. తర్వాతి ఇంజిన్ ఎక్కడ?"