చుట్టాలింట్లో దిగేది లేదు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెలలో కన్నుమూసింది. పొద్దున మగ్గం మీద కొత్త పడుగు అతుకుతూ, ఎడమ చెయ్యి లాగుతోందని కోడలితో చెప్పి గోడకు ఆనుకుంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ఆమెనింకా వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే మా వీధి పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "ఇంగ ఆ టూరు లేనట్లే గదమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపి, "ఉండాది పెదనాయనా" అన్నాను.

ఆ టూరు సంగతి చెప్పాలి. మా వీధిలో నేతపని చేసే ఆడవాళ్లం పెద్దమ్మతో కలిపి తొమ్మిదిమందిమి. ఊరు దాటాలంటే మాకు మూడే కారణాలు: పెళ్లి, దేవుడు, ఆసుపత్రి. నాలుగోది పెద్దమ్మ పుట్టించింది. రెండేళ్ల కిందట మనవరాలి ఫోన్లో హైదరాబాదు దగ్గరి నీళ్ల ఆటల పార్కు చూసి, "నేనూ ఆ జారుడుబల్ల మీద జారాల" అంది. అరవై దాటిన మనిషి. వీధంతా నవ్వింది. ఆమె మా చేత బట్టలు సర్దించింది.

వానలకు మగ్గం గుంతలో నీళ్లు ఊరి పని ఆగిపోయే రోజులు చూసి ప్రయాణం పెట్టింది. "వానల్లో నీళ్ల ఆటలేందిమా?" అని కొడుకు అడిగితే, "తడిసేదానికే గదరా పోయేది" అంది. డోన్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. కింది బెర్తులు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు. మాలో ఒకామె, హైదరాబాదులో తన అక్క ఉంది, అక్కడ దిగుదామంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "చుట్టాలింట్లో దిగితే అంట్లు మనమే తోమాల. లాడ్జిలో దిగితే తాళంచెవి మన చేతిలో ఉంటాది." తిండి కూడా ఆమే తేల్చింది. మొదటి రోజుకు ఇంటి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. "రెండోనాడు పొయ్యి మొగం చూసేది లేదు. శానా చూసినాం."

మొదటిసారి మా తెలివితక్కువతనం అంతా ఇంతా కాదు. పెళ్లికి పోయినట్టు, మేం నేసిన కొత్త నూలు చీరలు కట్టుకొని పోయాం. గేటు దగ్గర బయటి తిండి రానివ్వమన్నారు. పెద్దమ్మ అక్కడే తుండు పరిచి కూర్చుంది. "సంచిలో పోకూడదంటే కడుపులో పోతాది. తినండే." కాపలా ఆయన ఎదురుగానే రొట్టెలన్నీ ముగించాం. ఆయనకూ ఒకటి పెట్టాం. లోపల ఇంకో చిక్కు. నూలు బట్టలతో నీళ్లలోకి దిగకూడదట, నైలాను జత బాడుగకు తీసుకోవాలట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నూలు నేసి బతికే మాకు ఆ మాట తగిలింది. ఒడ్డునే కూర్చుందాం అనుకున్నాం. అంతలో పెద్దమ్మ ప్యాంటూ చొక్కా వేసుకొని వచ్చి, "ఏమే, చూసింది చాలు, రాండి" అని జారుడుబల్ల మెట్లెక్కింది.

ఆ ప్యాంటు గురించి ఊళ్లో ఏడాదిపాటు ఎత్తిపొడిచారు. మరుసటి ఏడు ఆమె మళ్లీ బయల్దేరదీసింది. సంతోషపడటానికి ఎవరినీ అడగనక్కర్లేదని నాకు నేర్పింది ఆమే, అమ్మ కూడా నేర్పలేదు. ఈసారి మూడోది. టికెట్లు తీయించి పెట్టి, తాను వెళ్లిపోయింది.

దినాలయ్యాక మళ్లీ పంచాయితీ మొదలైంది. "నెలన్నా తిరగల్యా, ఆటలకు పోతారా సిగ్గులేకుండా?" మాలోనే ఇద్దరు జంకారు. ఈ ఒక్కసారికి ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టేనని నాకు తెలుసు. వాళ్లతో గొంతు చించుకుంటున్నాను. పెద్దమ్మ కోడలు గడప దాటి వీధిలోకి వచ్చింది. రెండుసార్లూ ఇల్లు కనిపెట్టుకొని ఉండిపోయిన మనిషి. మొగుడి వైపు చూడనుకూడా లేదు. "అత్త టూరుకు పోయినప్పుడల్లా ఇంట్లో వండి పెట్టింది నేనే. ఈసారి అత్త బదులు నేను పోతాండా" అంది.

పోయాం. రెండోనాడు లాడ్జిలో, ఇంట్లో అయితే వాకిలి ఊడ్చే వేళకు, అందరికీ మెలకువ వచ్చింది. కోడలు లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. ఇటూ అటూ చూసి, చేయాల్సిన పనేమీ కనబడక, మళ్లీ పడుకొని దుప్పటి మెడదాకా లాక్కుంది. కిటికీలో బాగా తెల్లవారింది. తొమ్మిదిమందిమీ కళ్లు తెరుచుకొనే ఉన్నాం. ఒక్కరమూ లేవలేదు.