నానమ్మ కాయ

ఇంట్లో అందరూ ఆ పిల్లను వసపిట్ట అనేవారు. కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచేలోగానే నాలుగు కబుర్లు వినిపించే రకం. మహమ్మారి వచ్చి కాలేజీ మూతపడ్డాక ఆ నోటికి తాళం పడింది. పాఠాలు ఫోన్లోనే, స్నేహితులు ఫోన్లోనే, సీరియళ్లూ ఆటలూ అందులోనే. కంచం ముందు కూర్చున్నా కళ్లు తెర మీదే.

అంతలో నానమ్మకు ఆ జ్వరమే పట్టుకుంది. చివరి గదిలో ఒంటరిగా ఉంచారు. గుమ్మం బయట కంచం పెట్టి పక్కకు తప్పుకోవడమే తప్ప లోపలికి ఎవరూ వెళ్లకూడదు.

"నాకేం తోచట్లేదే. ఆ లూడో ఏదో నాతోనూ ఆడవే," అంది నానమ్మ తలుపు వెనకనుంచి.

వసపిట్ట ఒక పాత ఫోన్లో ఆట పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. గోడకు అటు నానమ్మ, ఇటు తను. మొదట్లో బాగానే ఆడింది, నానమ్మ కాయ చేతికందినా చంపకుండా వదిలేసేది. కానీ నానమ్మ ఒక్క పాచిక వేసేసరికి తెల్లారిపోయేది. ఇక్కడేమో స్నేహితులంతా కలిసి సీరియల్ చూస్తూ, "ఎక్కడ చచ్చావే?" అని మెసేజీలు. ఆ ఆటలో ఒక వసతి ఉంది. మనం కదలకపోతే మన వంతు ఫోనే ఆడేస్తుంది. చదువుకున్న పిల్ల కదా, వసతులు వాడుకోవడం తెలుసు. లూడోను దాని మానాన వదిలేసి సీరియల్లో మునిగిపోయింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా రోజులు.

"ఆడుతున్నావుటే?"

"ఆ, ఆడుతున్నా నానమ్మా!"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మధ్యలో గోడ ఉంది గనుక ఇట్టే అతికింది.

నానమ్మ కోలుకుంది. చూడ్డానికి వచ్చిన పక్కింటావిడతో, "మా మనవరాలు నన్ను ఒక్క పూట కూడా ఒంటరిగా వదల్లేదమ్మా," అని మురిసిపోయింది. వసపిట్ట సిగ్గుతో చచ్చిపోయింది. నిజం చెబితే నానమ్మ మొహంలో ఆ సంతోషం ఉండదు. చెప్పకపోతే తనకు అన్నం సయించదు.

ఆవిడ వెళ్లాక వసపిట్ట నానమ్మ పక్కన చేరింది. "నానమ్మా, నేను..."

"లూడో పెట్టు," అంది నానమ్మ.

ఆడారు. నానమ్మ కాయ చంపడానికి అందేంత దూరంలో ఉంది. వసపిట్ట ఎప్పటిలాగే దాన్ని వదిలేసి వేరే కాయ జరిపింది.

నానమ్మ నవ్వింది. "ఇదీ నువ్వంటే. నువ్వు నా కాయను చంపవు. నీ బదులు ఆడిన ఆ ఫోను ఒక్కసారి కూడా వదల్లేదే."

"తెలిసీ ఎందుకు ఆడావు నానమ్మా?"

"మధ్యలో నువ్వొస్తావేమోనని," అంది నానమ్మ పాచిక వేస్తూ.