కంచె మీది చొక్కా

దుమ్ముగూడెం అడవి పక్క మా ఊళ్లో ఒక ఫారెస్టు వాచర్ ఉండేవాడు. ఎవరింటికి వచ్చినా ముందు ఖాకీ చొక్కా విప్పి కంచెకు తగిలించేవాడు. "ఏసుకుంటే సర్కారోన్ని, ఇప్పితే నీ తమ్మున్నే అన్నా" అని నవ్వేవాడు.

ఒకనాడు అడవి కొట్టి వేసుకున్న పోడు చేలు పీకేయమని ఆర్డరొచ్చింది. మొదటి చేను ఈ వాచర్ వాళ్లమ్మదే. ఆ ఆర్డరు రాసిన పెద్దమనిషి ఒక్కడూ చేలో కాలు పెట్టలేదు. ఇప్పటికీ నా కడుపు మండుతుంది. జొన్నంతా ఇతనే పీకాడు. సాయంత్రం చొక్కా కంచెకు తగిలించి, "అమ్మా, ఆకలైతుంది" అన్నాడు.

ఆమె గంజి పోసింది. "చొక్కా ఇప్పినవ్ సరే, గా చేతులు యాడ ఇడిసొచ్చినవ్ బిడ్డా?" అంది. గంజి ముట్టకుండా లేచిపోయాడు.

ఇప్పుడు రిటైరై బూర్గంపాడులో కిరాయి గదిలో ఒక్కడే ఉంటున్నాడు. మొన్న వెళ్తే, ఉక్కపోతలో మెడదాకా గుండీలు పెట్టుకుని అదే ఖాకీ చొక్కాలో కూర్చున్నాడు.

"ఇప్పరాదుర తమ్మీ" అన్నాను.

"ఎవలింటికి పోనీకి అన్నా?" అన్నాడు.