కల్లుపాక గుమ్మం దగ్గర చెప్పులు

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కాగితం మీద నాలుగు ముక్కలు రాయడం ఇదే మొదలు. అక్షరాలు తప్పులు పోతాయి, మీరే సర్దుకుని చదువుకోండి.

మా జగ్గయ్యపేటలో నేను గ్లాసులు కడిగే బారుకి ఈమధ్య మళ్ళీ రంగులు వేశారు. మొన్న పొద్దున, ఎవరూ రాకముందు హాలు తుడవడానికి వెళ్తే గోడ నిండా కల్లుపాక బొమ్మ, తాటిచెట్లు, కుండలు, నవ్వుతూ తాగే మనుషులు. ఆ బొమ్మలో అందరి కాళ్ళకీ చెప్పులున్నాయి. చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆ బారు ఉన్న చోటే ఒకప్పుడు మా మావగారి కల్లుపాక ఉండేది. కోడలిగా వచ్చిన కొత్తలో నేను అక్కడే శనగ గుగ్గిళ్ళు అమ్మేదాన్ని. కుండ దగ్గరికి చెప్పులతో రాకూడదని అందరూ గుమ్మం బయటే విడిచి వచ్చేవారు. మా మావగారు ఎవరికి ఎక్కువైందో ఒక కంట కనిపెట్టి, వాళ్ళ చెప్పులు తెచ్చి తన బల్ల కింద పెట్టేసుకునేవారు. వాళ్ళ ఊరివాళ్ళెవరైనా వెంట తీసుకెళ్తామంటేనో, లేకపోతే కాసేపు పడుకుని లేచి తమ జత తాము గుర్తుపడితేనో తప్ప ఇచ్చేవారు కాదు. ఆ ఎండల్లో వట్టి కాళ్ళతో ఎంత దూరం పోగలరు ఎవరైనా.

మా తమ్ముడు పెనుగంచిప్రోలు నుంచి వచ్చినప్పుడల్లా ఈ చెప్పుల దగ్గరే పేచీ.

"నా చెప్పులు నాకియ్యి మావయ్యా, నేనేమన్నా పసిపిల్లోడ్నా" అనేవాడు.

"ఏయి నీయో చూపియ్యరా ముందు" అనేవారు ఆయన.

వీడు వేలు పెట్టి ఓ ముసలామె చెప్పులు చూపించేవాడు. "దాంట్లో నీ బొటనేలు గూడా పట్టదు గదరా" అని ఆవిడ అనేది, పాకంతా నవ్వేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఉండబట్టలేక, నలుగురిలో నా తమ్ముడి పరువు తీస్తున్నారేంటండీ అని అడిగేశాను. ఆయన కుండ మీద గుడ్డ సర్దుతూ, "పరువు రేపొచ్చుద్దిలేమ్మా, పిల్లోడు ఇయ్యాల ఇంటికెళ్ళాలి గదా" అన్నారు.

మావగారు పోయారు, చెట్టెక్కేవాళ్ళు లేకపోయారు, స్థలం చేతులు మారింది. పాక పోయి రేకుల షెడ్డు, షెడ్డు పోయి నల్లద్దాల తలుపులతో ఏసీ బారు. నేను వెనకాల వంటగదిలో పనికి చేరాను. తాగేవాళ్ళు ఉన్నంతసేపూ మేము హాల్లోకి రాకూడదు.

పోయినేడు మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చిన మా తమ్ముడు, మధ్యాహ్నం ఆ హాల్లో ఒక్కడే కూర్చుని తాగాడు. తిడతానని కాబోలు, నాకు కబురు పెట్టలేదు. గోడకి ఇవతలే ఉన్నాను, నాకు తెలియదు. మూడు గంటలప్పుడు ఎవరో బండి మీద హైవే దాటుతూ లారీ కింద పడ్డారని అన్నారు. అయ్యో, ఎవరి పిల్లోడో అనుకుని మళ్ళీ గ్లాసులు కడుక్కున్నాను. కాసేపటికి మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పారు.

తర్వాత హాల్లో పనిచేసే అతన్ని అడిగాను. "తూలుతున్నాడక్కా, అందుకే తలుపు నేనే తీసి పట్టుకున్నా, థాంక్యూ సార్ అని గూడా చెప్పా" అన్నాడు. అతను మంచివాడే. అతనికి నేర్పిన మర్యాద అది.

ఆ పూట నేను కడిగిన గ్లాసుల్లో వాడిది కూడా ఉండే ఉంటుంది.

ఇప్పుడు హాలు చల్లగా, శుభ్రంగా ఉంటుంది. మీదే ఊరు, ఇంటి దగ్గర ఎవరున్నారు అని అడిగితే వచ్చినవాళ్ళు నొచ్చుకుంటారట. గ్లాసు తీసినప్పుడల్లా, దీంతో తాగిన మనిషి ఇల్లు చేరాడో లేదో అనుకుంటాను. నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు. రాసిన దాంట్లో తప్పులుంటే, చదువు లేనిదని మన్నించండి.