ఎదురింటి టీచరమ్మగారి కెమెరాలు

మా ఎదురింటి టీచరమ్మగారు పోయిన మంగళవారం మధ్యాహ్నం, భోజనం చేసి కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారు. నేను వీధి దాటి వాళ్ళ గుమ్మం చేరేలోపే మా వీధి సంఘం కార్యదర్శి దండం బొమ్మలతో ఆ కబురు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మర్నాటికి ఫ్లెక్సీ కూడా లేచింది. అందులో కార్యదర్శి ఫొటో పెద్దది, ఆవిడది చిన్నది. కింద 'కెమెరాల నిర్వహణలో మాకు సహకరించిన మాతృమూర్తి' అని రాశారు. ఎవరు ఎవరికి సహకరించారో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆవిడ బాపట్లలో బడిపంతులమ్మగా పనిచేసి, రిటైరయ్యాక తెనాలి వచ్చారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పూలమొక్కలు. మా వీధిలో బైకులు పోతున్నాయని కార్యదర్శి చందాలెత్తి కెమెరాలు పెట్టిస్తానన్నప్పుడు వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మనుషుల మీద నిఘా పెట్టిన రాజ్యాలు చివరికి ఏమయ్యాయో ఉదాహరణలతో సహా చెప్పాను. ఎవరూ వినలేదు. కెమెరాలు వచ్చాక బైకుల దొంగతనాలు తగ్గాయి. ఈ సంగతి పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకుంటున్నాను.

కెమెరాల తెర టీచరమ్మగారి ముందుగదిలో పెట్టారు. ఎప్పుడూ ఇంట్లో ఉండే మనిషి, పైగా ఎవరి జోలికీ పోని మనిషి అని. మొదటి వారం ఆ తెర మీద దొరికిన దొంగలందరూ సంఘం సభ్యులే. తెల్లారేసరికి ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, మరో చేతిలో గొడుగు పట్టుకుని వాకింగుకు బయలుదేరి, గొడుగు వంపుతో ఆవిడ గోడమీది మందార కొమ్మలు వంచి కోసుకుపోతున్నారు. కార్యదర్శిది పెద్ద కవరు.

"దీన్ని గ్రూపులో పెడదామండి," అన్నాను ఆశగా.

"పోనిద్దురూ అన్నయ్యగారూ, దేవుడికేగా. మా దేవుడు పూలు అడగడు, వాళ్ళ దేవుడికి పోతున్నాయి," అని నవ్వారు.

అసలు గొడవ తరవాత వచ్చింది. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. బండి నడిపే అమ్మాయి రోజూ కొలకలూరు నుంచి వస్తుంది. ఆ బండి మీదే వాళ్ళ ఇల్లు గడవాలి. ఒకరోజు కార్యదర్శి బండి దగ్గరికొచ్చి, తన భార్య ఇస్త్రీకి వేసిన పట్టుచీర ఏదని నిలదీశాడు. "నాకియ్యలేదండి," అంది ఆ అమ్మాయి. "కెమెరాలో చూస్తే తెలుస్తుంది నీ సంగతి," అని వీధంతా వినేలా అరిచి, ఎవరూ బట్టలు వేయకూడదని గ్రూపులో ఆజ్ఞ జారీచేశాడు.

టీచరమ్మగారూ నేనూ కూర్చుని రికార్డింగు చూశాం. కార్యదర్శి భార్య రేపల్లెలో ఉండే చెల్లెలికి ఒక కవరు ఇచ్చింది. చెల్లెలు ఆటో ఎక్కబోతూ చీర బయటికి తీసి, అంచు చూసుకుని మురిసిపోయింది. పెళ్ళికని అక్క చీర కట్టుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. మొగుడు చీరేదంటే 'ఇస్త్రీకి వేశాను' అనడం కూడా మామూలే. అతను నిజంగానే ఇస్త్రీ బండి దాకా వెళతాడని ఆవిడ అనుకోలేదు.

నాకు పండగే. తెరను వీధిలోకి తెచ్చి అందరికీ చూపిద్దామన్నాను.

"మీకు న్యాయం కావాలా, తమాషా కావాలా?" అన్నారు టీచరమ్మగారు.

రెండూ కావాలన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఆవిడ మాత్రం కార్యదర్శి భార్యను ఒక్కదాన్నే పిలిచారు. ఆ ఇల్లాలు తెర చూసి ఏడుపు మొదలెట్టింది. "మా అత్తగారు పెట్టిన చీరండి. చెల్లికిచ్చానంటే ఇల్లు పీకి పందిరేస్తారండి. ఆయనకి చెప్పకండి టీచరమ్మగారూ."

"నేను చెప్పనమ్మా. సాయంత్రంలోపు నువ్వే చెప్తావు. పొద్దుట్నించి ఆ పిల్ల పెట్టెలో బొగ్గులు రాజలేదు."

దీపాలవేళకి కార్యదర్శి వచ్చాడు. "పొరపాటైందండి. గ్రూపులో ఒక ముక్క పెట్టేస్తాను."

"గ్రూపులో ఆ అమ్మాయి ఉందా బాబూ?"

"లేదండి."

"మరి ఎవరికి చెప్తావు? వీధిలో అన్నమాట వీధిలోనే వెనక్కి తీసుకోవాలి."

మర్నాడు పొద్దున్న, పూలకవర్లవాళ్ళంతా రోడ్డు మీదున్న సమయంలో, కార్యదర్శి బట్టల మూట భుజానేసుకుని వీధి చివరి నుంచి మొదటిదాకా నడిచాడు. నేను కుర్చీ బయట వేసుకుని మరీ చూశాను. మూట బండి మీద దింపి, "అమ్మాయ్, తప్పు నాదే," అన్నాడు పైకే. ఆ అమ్మాయి మూట విప్పి, "చొక్కాలకి గంజి పెట్టించారా అండి?" అంది. అంతే.

ఇంత చేసిన మనిషిని ఫ్లెక్సీ మీద 'సహకరించిన' అంటే నాకు మండదా?

బుధవారం, సమాధికి తీసుకెళ్ళేముందు టీచరమ్మగారికి కట్టడానికి తెల్లచీర తీశారు. బీరువాలో మడతలు పడి ఉంది. ఇస్త్రీ అమ్మాయి ఎవరి చేతికీ ఇవ్వకుండా దాన్ని బండి దగ్గరికి తీసుకెళ్ళింది. అంత పొడుగు చీర ఒక్కర్తికి సంబాళించుకోవడం కష్టం. కొస నేల మీదికి జారుతుంటే, చర్చివాళ్ళ మధ్య నించున్న కార్యదర్శి పరుగున వెళ్ళి రెండుచేతులతో ఎత్తిపట్టుకున్నాడు. "కాస్త బిగువుగా లాగండి," అంది ఆ అమ్మాయి తలెత్తకుండానే. అతను లాగాడు. ఎండలో ఆ తెల్లచీర వాళ్ళిద్దరి మధ్యా చాచుకుని ఉంది. ఇస్త్రీపెట్టె మెల్లగా అతని వైపుకు జరుగుతూ వచ్చింది.